ఫోర్‌వీల్ లీవర్ ఎప్పుడు వెయ్యాలి? తెలియాల్సింది ఓనరుకా, తోలేవాడికా?

ఇందిరా పార్కు దగ్గరి ధర్నాచౌక్‌కు వచ్చే వ్యవసాయ కార్మికులకు అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ కొత్తవి కావు. జిల్లాల నుంచి వచ్చి, బస్సు దిగి, జెండా కర్ర భుజాన వేసుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్డు మీదుగా నడిచినవాళ్లు వేలల్లో వున్నారు. 2017లో ప్రభుత్వం ధర్నాచౌక్‌ను మూసివేసినప్పుడు దాని కోసం లాఠీలకు ఎదురు నిలిచినవాళ్లూ, 2018 నవంబరులో హైకోర్టు ఉత్తర్వు వచ్చాక మళ్లీ అక్కడ గొంతెత్తినవాళ్లూ వారిలో వున్నారు.

ఆ రోడ్ల మీద నడిచేటప్పుడు ఒక సంగతి చూసే వుంటారు. మనిషి ఛాతీ ఎత్తున ముందు భాగం లేచి వున్న పెద్ద పెద్ద కార్లు, సందులన్నీ తామే నిండినట్టు నిలబడి వుంటాయి. కొన్నిటి వెనక తలుపు మీద ‘ఫోర్ బై ఫోర్’ అని మెరిసే అక్షరాలు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి అని దాని అర్థం. బురదలో, ఇసుకలో, కొండవాలులో దిగబడకుండా పోవడానికి తయారైన ఏర్పాటు అది. చిక్కడపల్లిలో బురద మడి ఎక్కడుంది? నారాయణగూడ చౌరస్తాలో ఇసుక దిబ్బ ఎక్కడుంది? లక్షల రూపాయలు పోసి కొన్న ఆ లీవర్‌ను యజమాని చాలాసార్లు ఏడాదికొకసారైనా ముట్టుకోడు.

అదే ఏర్పాటు మన ఊళ్లో ట్రాక్టర్లకు వచ్చేసింది. అక్కడ అది అలంకారం కాదు. కరిగెట చేసే మడిలో, కాల్వ కట్ట మీద, వడ్ల బస్తాల ట్రాలీతో గడ్డ ఎక్కేటప్పుడు దానితో రోజూ పని. ఆ లీవర్ మీద చెయ్యి వేసేది కొన్న ఆసామి కాదు, జీతానికో రోజు కూలికో తోలే కుర్రవాడు. సరిగా వేస్తే డీజిలు మిగిలేది యజమానికి. తప్పుగా వేస్తే మాట పడేది తోలేవాడు. బండి తిరగబడితే ప్రాణం పోయేది కూడా అతనిదే, వెనక ట్రాలీలో కూర్చున్న కూలి తల్లులదే. కాబట్టి ఏ నేల మీద ఏ లీవర్ వెయ్యాలన్నది కార్ల షోకు చూసుకునేవాళ్ల ముచ్చట కాదు, కూలివాళ్లు, సంఘాలు తెలుసుకోవలసిన పని విద్య. ఆ విద్యను చెప్పించుకోవడం హక్కు.

రెండు చక్రాలు, నాలుగు చక్రాలు

మామూలు ట్రాక్టర్‌లో ఇంజన్ బలం వెనక చక్రాలకే పోతుంది. ముందు చక్రాలు దారి చూపడానికే. పాత జీపూ అంతే, లీవర్ వెయ్యనంతవరకు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపును 1947లో మహీంద్రా కంపెనీ మన దేశంలో విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. పంచాయతీ సమితుల కాలంలో బీడీవో గారి జీపు దుమ్ము రేపుకుంటూ ఊళ్లోకి వచ్చిన సంగతి పెద్దవాళ్లకు గుర్తే. ఆ జీపులో గేరు రాడ్ పక్కన మరో రెండు చిన్న రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలను కలపడానికి, ఇంకొకటి ‘హై’, ‘లో’ మార్చడానికి. ఇవాళ్టి జీపుల్లో ఆ రెండూ కలిసి ఒకే లీవర్ అయ్యాయి. దాని మీద ‘టూ హై’, ‘ఫోర్ హై’, ‘ఫోర్ లో’ అని మూడు గుర్తులుంటాయి. మధ్యలో న్యూట్రల్ వుంటుంది. కొన్నిటిలో లీవర్ బదులు తిప్పే బిళ్ల వుంటుంది.

టూ హై అంటే వెనక రెండు చక్రాలే లాగుతాయి, వేగం మామూలే. ఫోర్ హై అంటే నాలుగూ లాగుతాయి, వేగం మామూలే. ఫోర్ లో అంటే నాలుగూ లాగుతాయి, కానీ వేగం బాగా తగ్గి లాగే బలం పెరుగుతుంది. ట్రాక్టర్‌లో హై, లో గేర్లు వేరుగా వుంటాయి. ముందు చక్రాలను కలిపే లీవర్ వేరుగా వుంటుంది. పేర్లు వేరైనా సూత్రం ఒకటే.

‘నాలుగు చక్రాలు లాగితే మంచిదే గదా, ఎప్పుడూ వేసే వుంచుతె ఏమైతది?’ అని మన తమ్ముళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు పాత కళ్లం దగ్గర దొరుకుతుంది. బంతి కట్టి వరి తొక్కించిన రోజులు గుర్తు చేసుకోండి. గుంజ దగ్గరి ఎద్దు నాలుగడుగులు వేసేసరికి చివరి ఎద్దు పన్నెండు అడుగులు వెయ్యాలి. ఇద్దరూ సమంగా అడుగులు వెయ్యాలంటే తాడు తెగుతుంది, లేదా ఎద్దు కూలబడుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాలదీ అదే సంగతి. ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనక చక్రాలు చిన్న చుట్టు తిరుగుతాయి. ఎడమ, కుడి చక్రాల తేడాను సర్దడానికి ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ పెట్టె వుంది. కానీ లీవర్ వేసి ముందు ఇరుసును, వెనక ఇరుసును కలిపినప్పుడు ఆ రెండింటి మధ్య తేడా సర్దే పెట్టె ట్రాక్టర్లలో, పాత తరహా జీపుల్లో వుండదు. రెండూ సమంగా తిరగాల్సిందే.

మరి ఆ తేడా ఎక్కడ పోవాలి? టైరు నేల మీద కాస్త జారితేనే పోతుంది. బురదలో, ఇసుకలో, దున్నిన చేలో టైరు సులువుగా జారుతుంది. తేడా తీరిపోతుంది. ఎండిన తారు మీద, సిమెంటు రోడ్డు మీద జారదు. అప్పుడు ఆ బిగువంతా గేర్ల మీద, షాఫ్టు మీద, టైర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. మలుపులో బండి ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపుతుంది. టైర్లు గీసుకుపోతాయి. కొన్నిసార్లు లీవర్ తియ్యబోతే రాదు, లోపల బిగుసుకుపోయి వుంటుంది. అప్పుడు దాన్ని సుత్తితో కొట్టకూడదు. స్టీరింగ్ నిటారుగా పెట్టి, నాలుగు గజాలు వెనక్కి పోనిస్తే బిగువు సడలి దానంతటదే వస్తుంది.

ఇక్కడే అసలు సూత్రం వుంది. ఇది గుర్తుంటే పుస్తకం లేకపోయినా పని జరుగుతుంది. చక్రం జారడానికి నేలలో చోటుంటే లీవర్ వెయ్యి. నేల గట్టిగా పట్టుకుంటే లీవర్ తియ్యి.

నగరం రోడ్ల మీద

ఈ సూత్రాన్ని మొదట చిక్కడపల్లి రోడ్డుకే పెట్టి చూద్దాం. అక్కడి కార్లు తోలేవాళ్లలో కూడా ఎంతమంది మన ఊళ్ల నుంచి పోయినవాళ్లు లేరు! సేద్యం గిట్టక, లైసెన్సు తీసుకుని, నెల జీతానికి యజమాని కారు తోలుతున్నవాళ్లు వాళ్లు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్డు నుంచి నారాయణగూడ దాకా ఎండిన రోడ్డు, అడుగడుగునా మలుపు, సిగ్నల్. ఇక్కడ టూ హై తప్ప వేరే మాట లేదు. అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన మీదా అంతే. వంతెన ఎత్తు ఎక్కడానికి ఫోర్‌వీల్ అక్కర లేదు, గేరు చాలు. వాన పడి రోడ్డు తడిసినంత మాత్రాన కూడా లీవర్ అవసరం రాదు. వేగం తగ్గించడం, ముందు బండికి దూరంగా వుండటం ముఖ్యం. ఒక భ్రమ చాలామందికి వుంది, ఫోర్‌వీల్ వుంటే బండి త్వరగా ఆగుతుందని. అది నిజం కాదు. బండి కదలడానికి అది సాయపడుతుంది కాని, తడి రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడు ఆగే దూరాన్ని తగ్గించదు. ఏ కారుకైనా బ్రేకు నాలుగు చక్రాలకూ వుండనే వుంది.

కొన్ని కొత్త కార్లలో లీవరే వుండదు. ఏ చక్రం జారుతోందో కనిపెట్టి దానంతటదే బలం పంచే ఏర్పాటు వుంటుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య తేడా సర్దే సాధనం వుంటుంది కాబట్టి వాటికి ఎండిన రోడ్డుతో పేచీ లేదు. అందుకే తోలేవాడు మొదట తెలుసుకోవలసింది తన బండి ఏ జాతిదన్నది. ఎత్తుగా వున్న ప్రతి కారూ ఫోర్‌వీల్ బండి కాదు. చూడటానికి జీపులాగే వుండి వెనక చక్రాలతోనో, ముందు చక్రాలతోనో మాత్రమే నడిచేవి చాలా అమ్ముతున్నారు. షోకు చూసి బురదలోకి దింపితే దిగబడేది ఆ బండ్లే.

వరద సంగతి మరీ ముఖ్యం. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని తీసుకుపోయే నాలా అశోక్‌నగర్ పక్క నుంచే పోతుంది. 2000 ఆగస్టు 24న నగరం మీద ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడూ, 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టిలోనూ ఆ నాలా పొంగి చుట్టుపక్కల బస్తీలను ముంచింది. అలాంటి నీళ్లలో ‘మాది ఫోర్‌వీల్, దూరిపోతుంది’ అని యజమాని వెనక సీట్లో కూర్చుని ఉసిగొలిపితే తోలేవాడు వినకూడదు. నీళ్లలో ఎంత చక్రాల బలమున్నా, టైరు నేలను పట్టుకుంటేనే పనికొస్తుంది. రెండడుగుల లోతున పారే నీళ్లు పెద్ద కారును కూడా నేల వదిలించి తోసుకుపోగలవు. ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోతే ఇంజన్ అక్కడికక్కడే పాడవుతుంది. కింద మ్యాన్‌హోలు తెరుచుకుని వుందో లేదో పైకి కనబడదు. ఇలాంటి చోట సరైన సెట్టింగ్ ఒకటే, బండి ఆపి వెనక్కి తిప్పడం.

మడిలో, చేలో, గడ్డ మీద

ఇప్పుడు మన పొలాలకు వద్దాం. ఫోర్‌వీల్ ట్రాక్టర్‌కు ఇంకో ప్రత్యేకత వుంది. ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి. మడిలో ముందు చక్రాలు బండిని బాగా లాగాలని, అవి నేల మీద వెనక చక్రాలకంటే ఒక పిసరు ఎక్కువ దూరం తిరిగేలా గేర్లు కూర్చుతారు. మెత్తటి నేలలో అది మేలు. గట్టి రోడ్డు మీద లీవర్ వేసి పోతే, మలుపు లేకుండా నిటారుగా పోయినా సరే, ముందు టైర్లు రోడ్డును గీకుతూనే వుంటాయి. అందుకే కొన్ని ట్రాక్టర్లకు ముందు టైర్లు త్వరగా నున్నగా అయిపోతాయి. ‘టైర్లు తిన్నవు’ అని పటేలు తోలేవాణ్ణి తిడతాడు. లీవర్ తియ్యాలని ఏనాడూ చెప్పినవాడు లేడు. టైరు మార్చేటప్పుడు కొలత మారినా ఈ లెక్క తప్పుతుంది. కంపెనీ చెప్పిన కొలత టైర్లే వెయ్యాలి, జత జతగా మార్చాలి.

ఊరి నుంచి పొలానికి పోయేటప్పుడు, మార్కెట్‌యార్డుకు పోయేటప్పుడు తారు రోడ్డు మీద లీవర్ తీసి వుంచాలి. రెండు బ్రేకు పెడళ్లను కొక్కెం వేసి కలపాలి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. మడిలో మలుపు తిరగడానికి ఎడమ బ్రేకు, కుడి బ్రేకు విడివిడిగా వాడతాం. అలాగే వదిలేసి రోడ్డెక్కి, వేగంలో ఒక పెడలే తొక్కితే ట్రాక్టర్ గిర్రున తిరిగి బోల్తా పడుతుంది.

ఎండు చేలో బరువైన నాగలి, కల్టివేటర్ వేసినప్పుడు చక్రం జారుతుంటే లీవర్ వెయ్యాలి. చక్రం ఊరికే తిరిగితే డీజిలు బూడిదే. టైరు అరుగుతుంది, నేల అణిగి గట్టిపడుతుంది. జారకుండా తేలిగ్గా పోతుంటే వెయ్యనక్కర లేదు.

కరిగెటలో, అంటే కోస్తాలో దమ్ము అంటారే, ఆ పనిలో లీవర్ వేసే వుంచాలి. ఫోర్‌వీల్ ట్రాక్టర్ పుట్టిందే అలాంటి పనికి. ట్రాక్టర్‌ను నిలిపి, క్లచ్ తొక్కి, మడిలో దిగకముందే వెయ్యాలి. దిగబడ్డాక వెయ్యబోతే ఆలస్యమైనట్టే. మడిలోంచి వచ్చి రోడ్డెక్కేముందు మళ్లీ నిలిపి తియ్యాలి. కేజ్‌వీల్స్‌తో తారు రోడ్డెక్కవద్దు. రోడ్డు పాడవుతుందని పోలీసులు కేసు పెడితే స్టేషన్‌కు పోయేది తోలేవాడే.

డిఫ్ లాక్ అని కాలి దగ్గర ఇంకో పెడల్ వుంటుంది. వెనక ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతూ, ఇంకొకటి కదలకుండా వున్నప్పుడు రెండిటినీ కలిపి తిప్పేది అది. నిటారుగా పోయేటప్పుడే దాన్ని తొక్కాలి. మలుపులో తొక్కితే ట్రాక్టర్ తిరగదు, ఒడ్డు మీదికి పోతుంది.

దిగబడినప్పుడు

ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. మామూలు ట్రాక్టర్ బరువులో సుమారు మూడింట రెండు వంతులు వెనకే వుంటుంది. వెనక చక్రాలు బురదలో బిగుసుకుపోయి తిరగలేకపోతే, ఇంజన్ బలం చక్రాన్ని తిప్పలేక ట్రాక్టర్‌నే చక్రం చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం గుర్రంలా లేస్తుంది. లేచి వెనక్కి పడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. దూకుదామనుకునేలోపే స్టీరింగ్ కింద మనిషి నలిగిపోతాడు.

అలా లేవకుండా కొన్ని చోట్ల ఏం చేస్తారో మనకు తెలుసు. ‘ఇద్దరు ముందట ఎక్కుండ్రి’ అని కూలీలను బంపర్ మీద కూర్చోబెడతారు. ఇనుప దిమ్మెలు పెట్టవలసిన చోట మనుషులను పెట్టడం ఇది. దిమ్మెలకు డబ్బు ఖర్చవుతుంది, కూలి మనిషి బరువు ఉచితంగా దొరుకుతుంది. దీన్ని తోలేవాడు ఒప్పుకోకూడదు, కూలీలు ఎక్కకూడదు.

ఫోర్‌వీల్ ట్రాక్టర్‌లో ముందు ఇరుసు బరువుగా వుంటుంది, ముందు చక్రాలు కూడా లాగుతాయి. కాబట్టి లేచే ప్రమాదం తక్కువ, అసలు లేదని మాత్రం కాదు. ఏ ట్రాక్టర్ దిగబడినా చేయవలసిన వరస ఇది. మొదట యాక్సిలేటర్ తగ్గించాలి. ఎంత తిప్పితే అంత గుంట పడుతుంది. ట్రాలీ తగిలించి వుంటే విప్పెయ్యాలి. చక్రాల ముందు, వెనక బురద తవ్వి తియ్యాలి. ఫోర్‌వీల్ లీవర్, లో గేరు వేసి, డిఫ్ లాక్ తొక్కి, మెల్లగా వెనక్కి రావడానికే చూడాలి. వచ్చిన దారి గట్టిదని తెలుసు, ముందు దారి తెలియదు. చక్రానికి దుంగ కట్టి ఎక్కించవద్దు. దుంగ కిందికి పోయి బిగిస్తే, లేచేది ట్రాక్టర్ ముందు భాగమే. వేరే ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు గొలుసును కింద వుండే డ్రాబార్‌కే తగిలించాలి. పైన టాప్‌లింక్ దగ్గర తగిలిస్తే లాగే ట్రాక్టరే తిరగబడుతుంది. గొలుసు తెగితే కొరడాలా కొడుతుంది కాబట్టి చుట్టూ ఎవరూ నిలబడకూడదు.

వాలు దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. మన ట్రాక్టర్లలో మామూలుగా బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. ట్రాలీకి చాలావాటికి బ్రేకే వుండదు. నిండు ట్రాలీ వెనక నుంచి తోస్తుంటే రెండు చక్రాలే అంత బరువును ఆపాలి. అందుకని మట్టి వాలు దిగకముందే చిన్న గేరు, ఫోర్‌వీల్ లీవర్ వేసుకోవాలి. అప్పుడు ఇంజన్ నాలుగు చక్రాలనూ పట్టి వుంచుతుంది. బ్రేకు కొడితే ముందు చక్రాలకూ ఆ పట్టు చేరుతుంది. దిగుతూ గేరు మార్చవద్దు, క్లచ్ తొక్కవద్దు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగే అలవాటు కొందరికి వుంది. మిగిలిన డీజిలు ఆసామిది, పోయే ప్రాణం మనది.

కాల్వ కట్ట చెప్పిన పాఠం

అశోక్‌నగర్ పక్క నాలా గోల్నాక దగ్గర మూసీలో కలుస్తుంది. మూసీ నగరం దాటి వలిగొండ వైపు పోతుంది. అక్కడ దాని కాల్వల కింద వరి పండుతుంది. ఆ వలిగొండ మండలం వేములకొండ దగ్గర, 2018 జూన్ 24న, పొలం పనికి కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ మహిళలే. అంతకు మూడు నెలలు కాకముందే, ఏప్రిల్ 6న, నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప కోతకు పోతున్న కూలీల ట్రాక్టర్ కాల్వలో పడి 9 మంది మహిళలు ప్రాణాలు కోల్పోయారు.

ఈ ప్రమాదాలకు ఫలానా లీవరే కారణమని మేం చెప్పడం లేదు. ఒక లీవర్‌తో ఆగిపోయే ప్రమాదాలు కావవి. ఇరుకు కట్ట, రక్షణ గోడ లేని కాల్వ, మనుషులను ఎక్కించడానికి పనికిరాని ట్రాలీ, శిక్షణ ఇవ్వకుండానే చేతికిచ్చిన ట్రాక్టర్, పొద్దెక్కకముందే పనిలో వుండాలన్న తొందర, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటేనే అలాంటివి జరుగుతాయి. ప్రతిసారీ పత్రికల్లో రాసేది మాత్రం ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని. అందులో నిజం వుండవచ్చు. కానీ ఆ కుర్రవాడికి నేర్పించనివాడి నిర్లక్ష్యం, ట్రాలీకి బ్రేకు పెట్టనివాడి నిర్లక్ష్యం, కట్టకు గోడ కట్టనివాడి నిర్లక్ష్యం ఏ కేసులోనూ ఎక్కదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మంచిదే. కానీ తెల్లవారుజామున ఊరి నుంచి మిరప చేనుకు పోయే బస్సు ఏది? అది లేనంతకాలం కూలి తల్లి ట్రాలీయే ఎక్కుతుంది. ట్రాలీ మనుషులను ఎక్కించే బండి కాదు కనుక, రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి పరిహారం ఎగవేసే దారి దొరుకుతుంది.

చట్టం ఏమంటోంది, మనమేం అడగాలి

ట్రాక్టర్‌తో సేద్యపు పని చేసే కూలి మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా యజమాని పరిహారం ఇవ్వాలన్నది కొత్త మాట కాదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం జాబితాలోనే యంత్రాలతో సేద్యం చేసేవారిని చేర్చారు. ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగిపోతుంటే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చి, యంత్రం దగ్గర పనిచేసేవారి రక్షణకు, పరిహారానికి బాధ్యులెవరో రాశారు. యంత్రం అమ్మేవాడికి, కొన్నవాడికి కూడా పనివాడి ప్రాణం పట్ల బాధ్యత వుందని ఒప్పుకోవడమే అది. నూర్పిడి యంత్రానికి వర్తించిన న్యాయం ట్రాక్టర్ తోలేవాడికి ఎందుకు వర్తించకూడదు?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గించారు. కొనేవాడికి వేల రూపాయలు మిగిలాయి. అందులో ఒక పిసరు ట్రాలీకి బ్రేకు వేయించడానికి, సీటు వెనక ఇనుప రక్షణ చట్రం బిగించడానికి ఖర్చు పెట్టమనడం గొంతెమ్మ కోరిక కాదు. స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు ఆ చట్రం వుండి తీరాలని నియమం పెట్టారు. తిరగబడ్డ ట్రాక్టర్ల కింద చనిపోయేవారి సంఖ్య అక్కడ గణనీయంగా పడిపోయింది. తిరగబడకుండా ఏ లీవరూ పూర్తిగా ఆపలేదు, తిరగబడినా మనిషి బతికేలా చట్రం చేయగలదు.

శిక్షణకు చోటు లేదా అంటే వుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ వుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వుంది. కానీ ఒక్కపూట పని మానితే కూలి పోయే మనిషి అంత దూరం ఎట్లా పోతాడు? శిక్షణే మండలానికి రావాలి. నాట్లకు ముందు రెండు రోజులు, కూలి నష్టం లేకుండా, తోలేవాళ్లందరికీ మడిలో దింపి చూపించాలి. ఈ కోర్కెను మండల వ్యవసాయాధికారి దగ్గర పెట్టడానికి ఊరి సంఘం ఎవరి అనుమతి కోసమూ ఎదురు చూడనక్కర లేదు.

ఇంకో పని మన చేతిలోనే వుంది. అశోక్‌నగర్ కోచింగు సెంటర్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ ఉద్యోగాల కోసం రాత్రింబగళ్లు చదువుతున్న పిల్లల్లో చాలామంది రైతుల, కూలీల బిడ్డలే. పండక్కి ఊరొస్తే వాళ్లలో కొందరు ట్రాక్టర్ ఎక్కేవాళ్లే. ట్రాక్టర్‌తో వచ్చే పుస్తకం ఆసామి బీరువాలో పడి వుంటుంది. దాన్ని అడిగి తీసుకుని, లీవర్లు, బ్రేకులు, వాలు, దిగబాటు గురించి వున్న పేజీలను మన తెలుగులో, మన మాటల్లో రాసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ట్రాక్టర్ రేకుకు అంటించమనండి. చదువు రాని డ్రైవర్‌కు పక్కన కూర్చుని చదివి చెప్పమనండి. అంత చదువు చదివిన బిడ్డకు అది ఒక పూట పని.

నేర్చుకున్న డ్రైవర్‌కు ఆసామితో ‘పటేలా, ఈ కట్ట మీద మనుషులతో ట్రాలీ పోదు, నేను తోలను’ అని చెప్పే ధైర్యం వస్తుంది. ఒక్కడే అంటే పని పోతుంది. ఊళ్లో వున్న డ్రైవర్లందరూ, ట్రాలీ ఎక్కే కూలీలందరూ కలిసి అంటే ఆసామి ఆటో మాట్లాడతాడు. ఏ నేల మీద ఏ లీవర్ వెయ్యాలో తెలిసినంత మాత్రాన చాలదు, వెయ్యకూడని చోట వెయ్యను అని చెప్పగల సంఘం కూడా వుండాలి.